ఎరువు తెచ్చిన విందు

బల్ల ఇంకా తీయలేదు.

నిన్న వండిన అక్రోటు గుజ్జు కోడి మీద పైపొర ఆరి బీటలు వారింది. చీజ్ రొట్టెలు చెప్పుల అట్టల్లా బిగుసుకుపోయాయి. పొరుగింటి గులికో ఇచ్చిన నగిషీ గాజు గ్లాసులు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. ఒక్కదానికీ పెదవి తగల్లేదు.

బల్లకి ఆ చివర మా అత్తయ్య త్సియాలా కూర్చుని ఉంది. ఈ చివర మా ఆడపడుచు టెక్లే ఫోను పట్టుకుని నిలబడి ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చిన కబురు అప్పటికే ఒకసారి చదివింది. అత్తయ్య మళ్లీ చదవమంది.

"ఇల్లు చూశాం. స్థితి సంతృప్తికరంగా ఉంది. సాయం అవసరం లేదు." టెక్లే పాఠం అప్పజెప్పినట్టు చదివింది.

"బాగుందనే రాసిందిగా ఆవిడ," అంది అత్తయ్య.

"బాగుందని రాయబట్టే నా పని అయిపోయిందమ్మా."

అత్తయ్య నా వైపు చూసింది. నేను చంకలో ఉన్న మా పాప నూత్సా మూతి తుడుస్తున్నట్టు తల దించుకున్నాను. ఆ గ్లాసులు మోసుకొచ్చిన చేతులు నావే కదా, ఏమని మాట్లాడను.

పోలండులోని క్రాకోవ్‌లో అర్ధ సంవత్సరం చదవడానికి మా ఊరు కుతాయిసి పిల్లల్లో ముగ్గురిని ఎంచారు. అందులో టెక్లే ఒకతె. అక్కడ చదువుకి రుసుము లేదు. కానీ ప్రయాణం, గది, తిండి ఎవరు చూస్తారు? అందుకు యూనివర్సిటీలో ఒక సహాయ నిధి ఉంది, లేని ఇళ్ల పిల్లల కోసం. ఇంట్లో ఉందో లేదో చూడ్డానికి మనిషిని పంపుతారు. శుక్రవారానికల్లా నిధి సరే అనకపోతే సీటు తర్వాతి పేరుకి పోతుంది. ఇవాళ మంగళవారం.

నిన్న ఆ మనిషి వచ్చింది. మా అత్తయ్య ఆమెకి విందు పెట్టింది.

మా వీధి సంగతి చెప్పాలి. పేదరికం లెక్కలు రాసేవాళ్లు వస్తున్నారంటే చాలు, ఇక్కడ టీవీలు, ఫ్రిజ్‌లు గోడ దూకి పక్కింటికి పోతాయి. ఎవరిళ్లు వాళ్లు ఖాళీ చేసుకుంటారు. లోకమంతా సామాను బయటికి మోస్తుంటే మా అత్తయ్య ఒక్కతే లోపలికి మోయించింది. గులికో గ్లాసులు, మేడ మీద వాళ్ల తివాచీ, మూలింటి ముసలాయన వైను తాగే వెండి కట్టు కొమ్ము. పేదవాళ్లని రాసుకోవడానికి వచ్చే మనిషికి ఇదంతా ఎందుకు అత్తయ్యా అని నేను మెల్లగా అడిగాను కూడా. కాగితం మీద పేదవాళ్లమని రాసుకోనీ, నా బల్ల మీద మాత్రం రాయనివ్వను అంది.

పోనీ ఆ వచ్చినావిడ తిన్నదా అంటే అదీ లేదు. తనిఖీకి వెళ్లిన ఇంట్లో తినకూడదని వాళ్లకో నియమమట. ఆవిడ వద్దన్నకొద్దీ అత్తయ్య ఇంకో గిన్నె తెచ్చింది. వంట నచ్చలేదనుకుందో, తమని తక్కువ చేస్తోందనుకుందో, చివరికి బల్ల మీద చెయ్యి పెట్టడానికి చోటు లేకుండా చేసింది.

"నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగమని చెప్పానా లేదా?" అని టెక్లే అడిగింది.

"ఇంటికొచ్చిన మనిషిని ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టమంటావా?"

"అవును. అదే చెయ్యాల్సింది."

"అది నావల్ల కాదు."

"నావల్లా కాదు మరి, నీతో మాట్లాడ్డం," అని టెక్లే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగా వేయలేదు. నిమ్మళంగా, గడియ పడే చప్పుడు వినిపించేలా వేసింది.

అప్పుడే మా ఆయన బద్రి పొద్దుటి ట్రిప్పు ముగించుకుని మినీబస్సు గేటు ముందు ఆపి లోపలికొచ్చాడు. బల్ల వైపు, తల్లి వైపు, మూసిన తలుపు వైపు వరసగా చూశాడు. విషయం నేను చెప్పాను. ఎండిన రొట్టె ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకుని, ఆరు నెలల ముచ్చటే కదా, ఇక్కడ చదువేమీ ఆగిపోవడం లేదుగా అన్నాడు.

గడియ తీసిన చప్పుడు. టెక్లే తలుపు సందులోంచి అంది:

"నీ బండికి టైరు పేలితే, ఒక్క చక్రమే కదా అని నడుపుతావా అన్నయ్యా?"

మళ్లీ గడియ పడింది. బద్రి రొట్టె మింగలేక నీళ్లు అడిగాడు.

ఆ రోజు మా ఇంట్లో పలకాల్సినవన్నీ గిన్నెలే పలికాయి.

*

అరువు సామాను తిప్పి ఇచ్చే పని నా మీద పడింది.

మా వీధిలో పెళ్లికైనా చావుకైనా ఒక్క ఇంటి సామాను సరిపోదు. అందరి గ్లాసులూ పళ్లేలూ కలుస్తాయి. కలిసినవి మళ్లీ విడిపోవాలి కాబట్టి ప్రతి గ్లాసు అడుగున, పళ్లెం వెనక గోళ్లరంగుతో చుక్క పెడతారు. గులికోది ఎరుపు. మేడ మీద వాళ్లది నీలం. మూలింటిది ముత్యం రంగు. ఆ ముసలాయన భార్య పోయి చాలా కాలమైనా ఆమె సీసాతోనే ఇంకా చుక్కలు పెడుతున్నాడు.

నేను గ్లాసులు కడిగి, బోర్లించి, ఎర్ర చుక్కలు చూసుకుంటూ బుట్టలో సర్దాను. గులికో గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఒక్కో గ్లాసు వెలుగులో తిప్పి చూస్తూ మాట కలిపింది.

"విన్నానమ్మాయ్. మీ అత్త ఆ మేడమ్‌ని కోటలో రాణిలా కూర్చోబెట్టిందటగా. ఇక రాణిగారు రాజ్యం మీ ఇంట్లోనే ఉందనుకోదూ?"

తిట్టిందో జాలిపడిందో తెలియలేదు. గులికో మాట ఎప్పుడూ అంతే, ఒక చేత్తో గిల్లి ఇంకో చేత్తో నిమురుతుంది. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా అని నిట్టూర్చి, నూత్సా చేతిలో ఒక ఎండు అత్తిపండు పెట్టింది. పిల్ల నాన్నలా మొండిది, మేనత్తలా తెలివిగలది అవ్వాలని దీవించింది. నా పోలిక రావాలని మాత్రం అనలేదు.

అనకపోవడమే న్యాయం. పన్నెండో తరగతి సగంలో బద్రి చెయ్యి పట్టుకుని వచ్చేశాను. పుస్తకాలు పుట్టింట్లో అటక మీద ఉన్నాయి. అప్పట్నుంచీ ఆఫీసు అన్న మాట వింటే నా చేతులు చెమటలు పడతాయి. నూత్సా టీకా పుస్తకం మీద సంతకం చేయడానికి కూడా పక్కన ఎవరో ఒకరు ఉండాలి నాకు.

కానీ నూత్సా పుట్టిన కొత్తలో నాకు చంటిపిల్ల ఏడుపు ఆపడం చేతకాక నేనూ ఏడుస్తుంటే, టెక్లే తన పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుని కొండలెందుకు జారతాయో కథలా చెప్పేది. నీళ్లు లోపలికి ఎలా ఇంకుతాయో, మట్టి పొరలు ఒకదాన్ని ఒకటి ఎప్పుడు వదిలేస్తాయో. పిల్ల నిద్రపోయేది. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఇది కథ కాదని నాకు తెలుసు. రాచా కొండల్లో మా అత్తవారి ఇల్లు అలాగే దిగిపోయింది. గోడలు కదులుతుంటే మామయ్య కిటికీ కోసి ఈ పొడుగు బల్ల ఒక్కటీ బయటికి లాగాడట. తర్వాత ఎన్నాళ్లో బతకలేదు.

ఆ కొండ ఎందుకు జారిందో తెలుసుకోవాలని టెక్లే పట్టు. అందుకు కావలసిన పరికరాలు, నేర్పే మనుషులు క్రాకోవ్‌లో ఉన్నారట. అర్ధ సంవత్సరం అన్నది బద్రికి ముచ్చట కావచ్చు. ఆ పిల్లకి కాదు.

బుట్ట ఖాళీ అయ్యేసరికి నా మనసులో ఒక మాట స్థిరపడింది. ఆ మేడమ్‌ని నేనే వెళ్లి కలుస్తాను.

*

బుధవారం పొద్దున అత్తయ్య చర్చికి వెళ్లగానే నూత్సాని ఎత్తుకుని బస్సెక్కాను. ఎక్కడ దిగాలో నాలుగుసార్లు అడిగి ఉంటాను. డ్రైవరు బద్రి స్నేహితుడే. నవ్వి, దిగాల్సిన చోట బస్సు ఆపాడు.

నిధి ఆఫీసు మెట్ల కింద గది. మక్వాలా గారు, అదే మొన్న మా ఇంటికొచ్చినావిడ, చలికోటు విప్పకుండానే కూర్చుని ఉంది. గదిలో చలి అలా ఉంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం కూడా కూర్చుంటుందని నా భయం.

దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. గ్లాసులు మావి కావని, తివాచీ మాది కాదని, ఆ కోడి కూడా గులికో పెరట్లోదేనని చెప్పాను. నూత్సా నా భుజం మీద నిద్రపోయింది. దాని జోళ్లు నా కోటు మీద బురద రాస్తున్నాయి.

ఆవిడ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నాకు తెలుసమ్మా. నేనూ ఈ ఊరి పిల్లనే. ఒక గ్లాసు పక్కకి వాలి ఉంటే అడుగున ఎర్ర చుక్క కనపడింది. మా వీధిలో మాది పచ్చ."

"మరి తెలిసీ అలా రాశారేంటండీ?"

"మీ అత్తగారు అవి మావేనన్నట్టు వడ్డిస్తుంటే, కాదు నాకు తెలుసు అని నేనెలా రాయను? ఆవిడ మాట అబద్ధమని రాసినట్టు కాదూ? నేను చూసింది రాయాలి. ఊహించింది రాయకూడదు. మీ తర్వాత ఇంకో నాలుగు ఇళ్లు చూశాను. ఒక ఇంట్లో పిల్లాడు పుస్తకాలు పొయ్యి గట్టు మీద పెట్టుకుని నిలబడి చదువుతున్నాడు. కూర్చోడానికి కుర్చీ లేక. వాడి ముందు మీ ఇంటి బల్ల ఎలా పెట్టను చెప్పండి."

ఆ పిల్లాడు ఎవరో గాని, వాడికీ రావాల్సిందే అనిపించింది. అయినా కాళ్లు కదలలేదు. టెక్లేకి రానందువల్ల వాడికి కుర్చీ రాదు కదండీ అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

మక్వాలా గారు సొరుగులోంచి నియమాల కాగితం తీసి చూసింది. తర్వాత చెప్పింది, ఇంటివాళ్లు కోరితే రెండోసారి చూడ్డానికి నియమం ఒప్పుకుంటుందని. చెప్పకుండా వస్తానంది. రేపు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక లేదంది.

"ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈసారి మళ్లీ విందు కనపడితే మీ గుమ్మం నేను తొక్కను."

కోరుతున్నట్టు నన్నే రాయమంది. పెన్ను ఇచ్చింది. పక్కన ఎవరూ లేరు. రాశాను.

*

సాయంత్రం ఆ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య ఎండు బీన్స్ గింజలు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"నన్ను అడక్కుండా వెళ్లావు."

"అడిగితే వెళ్లనిచ్చేవారు కాదు అత్తయ్యా."

"వెళ్లి ఏం చెప్పావు? మా అత్త అబద్ధాలకోరు అనా?"

కాదన్నాను. సామాను అరువు తెచ్చామని చెప్పానన్నాను. రెండూ ఒకటే అంది. ఇల్లు పోయిన రోజున కూడా, గుడారంలో, చూడవచ్చిన వాళ్లకి టీ ఇచ్చానని చెప్పింది. కప్పులు లేకపోతే మూతల్లో పోసి ఇచ్చిందట. మూతల్లో పోసినా ఇచ్చాను కోడలా, ఇవ్వకుండా ఎవర్నీ పంపలేదు, ఇప్పుడు నా ఇంట్లో నేను చేతులు కట్టుకుని కూర్చుని ఆవిడ నా పొయ్యి వంక చూస్తుంటే చూడాలా అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

బద్రి సర్దిచెప్పబోయాడు. నువ్వు నోర్మూసుకో, నీ చెల్లెల్ని అడ్డమైన చోటికి పంపాలని నీకూ లేదు అంది. మా ఆయన నోరు మూసుకున్నాడు. అది నిజమేమో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఆవిడ వస్తే నేను గేటుకి తాళం వేసి చర్చికి పోతా," అని అత్తయ్య తేల్చింది.

వెనక గది తలుపు తెరుచుకుంది. టెక్లే వచ్చి తల్లికి ఎదురుగా కూర్చుని, జల్లెడ లాక్కుని, తనూ బీన్స్ ఏరడం మొదలుపెట్టింది. ఒక్క మాట లేదు. తల్లి చెడ్డగింజలు ఎడమ పక్క పెడుతుంది, కూతురు కుడి పక్క పెడుతుంది. చిన్నప్పట్నుంచీ అంతేనట. ఇద్దరి మధ్యా మంచి గింజల కుప్ప పెరుగుతూ పోయింది. ఏరడం అయిపోయాక టెక్లే చేతులు దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

అత్తయ్య రెండు పక్కల చెడ్డగింజలూ ఒక్కటిగా చేసి ఒళ్లో వేసుకుంది. పారేయడానికి చాలాసేపు లేవలేదు.

*

గురువారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. తాళం వేసి లేదు.

మక్వాలా గారు చలికోటులోనే లోపలికొచ్చింది. అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఉదయం నుంచి ఆమె బల్ల తుడిచింది, మళ్లీ తుడిచింది, మూడోసారి తుడిచింది. దాని మీద ఏమీ లేదు. ఉప్పు గిన్నె కూడా తీసేసింది. కొండ మట్టిలోంచి లాగినప్పుడు పడ్డ గీత ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంటుంది. గుడ్డ వేసి ఉండేది కాబట్టి నేనే సరిగా చూడలేదు ఎప్పుడూ.

మక్వాలా గారు కూర్చుంది. అత్తయ్య కూర్చోలేదు. ఆమె చేతులు ఏం చేయాలో తోచక ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

ఆవిడ గదులు చూసింది. ముగ్గురం పడుకునే గది, టెక్లే, అత్తయ్య పడుకునే గది, వాన పడితే కింద పెట్టే బొచ్చె. వెనక్కొచ్చి మళ్లీ కూర్చునే లోపల పక్క తలుపు తోసుకుని గులికో వచ్చింది. చేతుల్లో పళ్లెం. పళ్లెం మీద ఆవిరి కక్కుతున్న చీజ్ రొట్టె.

"గేటు ముందు కారు చూశానక్కా. ఇంటికి మనిషి వస్తే పెట్టడానికి నీ దగ్గర ఏమీ ఉండదని తెలుసు కదా, అందుకని..."

నా ప్రాణం పోయింది. గులికోది దయ. దయ కాకపోతే నేనే తోసేసేదాన్ని. మక్వాలా గారు కళ్లజోడు సర్దుకుని ఆ పళ్లెం వైపే చూస్తోంది. రొట్టె వాసన ఇల్లంతా నిండింది.

అత్తయ్య అడుగు ముందుకేసింది. అందుకోవడానికి రెండు చేతులూ చాచింది. ఎప్పుడూ చాచే తీరులోనే. వెనక గది గుమ్మంలో టెక్లే కనపడింది.

అత్తయ్య చేతులు గాల్లో ఆగాయి. మెల్లగా దిగాయి.

"తీసుకెళ్లు గులికో. ఇవాళ మా ఇంట్లో ఏమీ లేదు."

మా వీధిలో ఒక ఆడది ఇంట్లో మనిషిని పెట్టుకుని ఆ మాట అనడం నేను వినలేదు. గులికో కూడా విని ఉండదు. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడి, తర్వాత అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచి తలుపు మూసుకుంది.

మక్వాలా గారు ఫైలు తెరిచింది. మొన్న బల్ల మీద చూసినవి ఎవరివని అడిగింది. నేను నోరు తెరవబోయాను. మీరు కాదు, ఇంటి పెద్ద చెప్పాలి అంది.

అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది.

"ఎర్ర చుక్క గ్లాసులు గులికోవి. నీలం చుక్క తివాచీ మేడ మీద వాళ్లది. కొమ్ము మూలింటాయనది, ముత్యం చుక్క." ఆగింది. "మాకు రంగు లేదు మేడమ్. చుక్క ఎప్పుడు పెట్టుకుంటారు? ఒకరికి ఇవ్వడానికి ఉన్నప్పుడు. ఈ వీధికొచ్చాక ఎవరికీ ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. తీసుకోవడమే."

ఆమె అరచెయ్యి బల్ల మీది గీతకి ఆనింది.

"బల్ల మాత్రం మాది," అంది అత్తయ్య.

మక్వాలా గారు తల వంచి రాసుకుంది. రాయడం అయ్యాక, నీళ్లు తాగచ్చు, నీళ్లకి నియమం అడ్డు రాదు అంది. ఇంట్లో గాజు గ్లాసు లేదు. అత్తయ్య జామ్ సీసా కడిగి, తుడిచి, అంచు దాకా నింపి రెండు చేతులతో ఇచ్చింది. ఆవిడ చుక్క మిగల్చకుండా తాగి, సీసా బల్ల మీద పెట్టింది.

గేటు దాకా నేను వెళ్లాను. అయినట్టేనా అండీ అని అడిగాను.

ఇప్పుడు ఫైలులో ఇద్దరు సాక్షులున్నారని చెప్పింది. ఇద్దరూ తనే. సోమవారం నాటి మక్వాలా ఉందంటోంది, గురువారం నాటి మక్వాలా లేదంటోంది. నిధి కమిటీ ఏది నమ్ముతుందో తను చెప్పలేనంది. రేపు పొద్దున వాళ్లు కూర్చుంటారు. ఇంటి పెద్ద వాళ్ల ముందుకొచ్చి, ఇవాళ చెప్పింది మళ్లీ చెప్పాలి. హాలులో, పది మంది ఎదుట. ఆ పొయ్యి గట్టు దగ్గర నిలబడి చదివే పిల్లాడి తల్లి కూడా అక్కడే ఉంటుంది.

"మీ అత్తగారు రాకపోతే మొదటి కాగితమే నిలుస్తుంది," అని కారెక్కింది.

లోపలికెళ్లి చెప్పాను. టెక్లే గోడకి ఆనుకుని నేల వంక చూస్తూ విన్నది. రమ్మని అడగలేదు. అత్తయ్య బల్ల మీది గీత వెంట వేలు పోనిస్తూ విన్నది. వస్తాననలేదు, రాననలేదు.

"ఎంతమంది ఉంటారు?" అని మాత్రం అడిగింది.

పది మంది దాకా అన్నాను.

లేచింది. పిండి డబ్బా దగ్గరికి వెళ్లి మూత తీసింది.

"అత్తయ్యా. ఏమీ తీసుకెళ్లకూడదు."

"పది మంది దగ్గరికి, వట్టి చేతులతోనా?"

జవాబు చెప్పాల్సింది నేను కాదనిపించింది. గోడ దగ్గర్నుంచి మంగళవారం తర్వాత మొదటిసారి టెక్లే గొంతు వినిపించింది.

"నా చెయ్యి పట్టుకో అమ్మా. అప్పుడు వట్టివి కావు."

అత్తయ్య వెనక్కి తిరగలేదు. ఒక చేతిలో మూత ఉంది. ఇంకో చెయ్యి పిండిలో మణికట్టు దాకా ఉంది. బయటికి తీస్తే అందులో పిండి ఉంటుందో, వట్టిగా వస్తుందో చూస్తూ మేమిద్దరం నిలబడ్డాం.